టెంకాయకు పెట్టిన పరీక్ష

ఆదివారం పొద్దున్నే నాగలక్ష్మమ్మకు చట్నీకి పెట్టుకున్న టెంకాయ కనిపించలేదు. రోలు దగ్గర లేదు, దేవుడి గూట్లో లేదు, బియ్యం డబ్బా వెనక కూడా లేదు. పచ్చిమిరపకాయలు వేయించుకుని కూర్చున్న మనిషికి కోపం రాదా మరి?

"ఏమే యామినీ, టెంకాయ యాడ పెట్టినావే?"

"నేనే తీసుకున్నా జేజీ. సైన్స్ ఫెయిర్‌కు కావాల."

"అయితే ఇడ్లీలోకి మీ సైన్సు రుబ్బి పెట్టాల్నా?"

వసారాలో కాఫీ తాగుతున్న ఓబులేసు పకపకా నవ్వాడు. "పోనీలేవే. ఈరోజు నాకు పరీక్ష పెడుతుందంట నా మనవరాలు. డెబ్బై రెండేండ్లకు మళ్లీ బడికి పోతాండా నేను."

ఓబులేసు మామూలు మనిషి కాదు. పులివెందుల చుట్టుపక్కల, అటు తుమ్మలపల్లె దాకా, బోరు వేయించాలనుకున్న రైతు ముందు ఆయన గుమ్మం తొక్కాల్సిందే. టెంకాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాడు. కింద నీళ్లున్నచోట అది తనంతట తానే లేచి నిలబడుతుంది. అక్కడ రాయి పాతితే అదే బోరు పాయింటు. నలభై ఏళ్లుగా ఇదే పని, ఎవరినీ రూపాయి అడిగింది లేదు. నీళ్లు పడితే రైతు వచ్చి టవలు కప్పి కాళ్లకు మొక్కి పోతాడు. ఆ టవళ్లతోనే వసారాలో దండెం నిండిపోయింది.

యామినికి తాత మీద అనుమానం ఉండి ఈ ప్రయోగం మొదలుపెట్టిందనుకుంటే పొరపాటే. తొమ్మిదో తరగతి చదివే ఆ పిల్లకు తాతంటే ప్రాణం. బడిలో శామ్ సారు "మీ ఊళ్లో అందరూ నమ్మేది ఒకటి తీసుకుని, నిజమో కాదో మీరే తేల్చండి" అంటే, తాత గొప్పతనం లోకానికి చూపించే అవకాశం వచ్చిందని ఎగిరి గంతేసింది. స్నేహితురాలు శివజ్యోతిని తోడు తెచ్చుకుంది. శివజ్యోతి వాళ్లమ్మ చీనీ తోటల్లో బత్తాయిలు కోసే కూలికి పోతుంది. ఆ పిల్ల తక్కువ మాట్లాడి ఎక్కువ చూసే రకం.

నీళ్లు పోసిన బకెట్లు పాతిపెడదామంటే ఓబులేసే వద్దన్నాడు. "నిలిచిన నీళ్లకు టెంకాయ పలకదు పాపా. పారే నీళ్లు కావాల."

అందుకు దారి పిల్లలే వెతికారు. ఇంటి పక్క కళ్లం కింద అడుగు లోతులో ఒక పైపు ఉంది. తొట్టి నుంచి చీనీ చెట్లకు నీళ్లు పోయే పైపు అది. దాని వాల్వు మోటారు గది వెనకాల ఉంటుంది. శివజ్యోతి గోడ వెనక కూర్చుని నాణెం ఎగరేస్తుంది. బొమ్మ పడితే నీళ్లు వదులుతుంది, బొరుసు పడితే కట్టేస్తుంది. ఓబులేసు పైపు మీదుగా నడిచి, నీళ్లు పోతున్నాయో లేదో చెప్పాలి. వాల్వు దగ్గరికి పోయి చూసొచ్చి, తాత ఎదురుగా నిలబడి నోట్‌బుక్కులో రాసుకోవడం యామిని పని.

పదిసార్లు నడిచాడు. తొమ్మిదిసార్లు సరిగ్గా చెప్పాడు!

ఇల్లంతా పండగైపోయింది. కొడుకు చంద్ర సగం ఊరికి ఫోన్లు చేశాడు. చంద్రకు అసలే గుండె బరువుగా ఉన్న రోజులవి. ఉన్న బోరు గంట పోసి ఆగిపోతోంది, చీనీ చెట్ల ఆకులు ముడుచుకుంటున్నాయి. నాయన చూపించిన చోట కొత్త బోరు వేయడానికి, మర్నాడు కాక ఆ పై సోమవారం బండి రమ్మన్నాడు. కూతురి నోట్‌బుక్కు చూశాక ఆ బోరులో అప్పుడే నీళ్లు పడ్డట్టు సంబరపడ్డాడు. నాగలక్ష్మమ్మ కూడా చట్నీ సంగతి మరిచిపోయి మనవరాలికి దిష్టి తీసింది.

బుధవారం బడి నుంచి వస్తూ దారిలో శివజ్యోతి ఉన్నట్టుండి ఆగింది.

"యామినీ, ఒకటి చెప్తా, ఏమీ అనుకోగాకు. నీళ్లు వదిలినపుడల్లా నువ్వు జడ పట్టుకుంటాండావు."

"ఏంటికి పట్టుకుంటా?"

"నీకు తెలీకుండానే పట్టుకుంటాండావు. గోడ సందులోంచి చూసినా. నీళ్లు లేనప్పుడు చేయి కిందికే ఉండాది. మీ తాత పైపును యాడ చూసినాడు? నిన్నే చూసినాడు."

యామిని ఆదివారం నాటి పరీక్షను మళ్లీ గుర్తు చేసుకుంది. ఇంట్లో ఎవరు దొంగతనంగా బెల్లం తిన్నా తాత ముఖం చూసి చెప్పేస్తాడు. ఎవరికి జ్వరం వచ్చేదీ ముందురోజే చెప్పేస్తాడు. మనుషుల్ని అంతగా చదవగల మనిషి ఎదుట జవాబు తెలిసిన తను నిలబడింది! ఇంకొకరైతే వచ్చిన తొమ్మిదితో సంతోషపడి ఊరుకునేవాళ్లు. వీళ్లు ఊరుకోలేదు. పద్నాలుగేళ్ల పిల్లలకు ఆ నిజాయితీ ఎవరు నేర్పారో నాకు తెలియదుగానీ, వాళ్లకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

గురువారం సాయంత్రం మళ్లీ పెట్టారు పరీక్ష. ఈసారి మొదట చెప్పి నీళ్లు వదిలారు. ఐదుసార్లకు ఐదుసార్లూ టెంకాయ నిటారుగా లేచింది. తర్వాత చెప్పకుండా ఇరవైసార్లు. గోడ సందుకు గోనెపట్టా కట్టారు. నీళ్ల సంగతి శివజ్యోతికి తప్ప ఎవరికీ తెలియదు. టెంకాయ లేచిందో లేదో యామిని తన పుస్తకంలో, వాల్వు తిప్పిందో లేదో శివజ్యోతి తన పుస్తకంలో విడివిడిగా రాసుకున్నారు. చివర్లో రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూశారు.

"ఎన్నొచ్చినాయి పాపా?" అన్నాడు ఓబులేసు.

యామిని తన పుస్తకం మూసేసింది. శివజ్యోతే చెప్పింది. "ఇరవైలో తొమ్మిది తాతా."

"నాణెం ఎగరేసి చెప్పినా అన్నే వస్తాయి గదా?"

"ఆ, తాతా."

ఓబులేసు టెంకాయను కళ్లం గట్టు మీద పెట్టి, తువ్వాలు దులుపుకుని, చీనీ తోటలోకి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆయన మాట వినపడలేదు. శుక్రవారం, శనివారం సాయంత్రాలు ఎటో వెళ్లి చీకటి పడేవేళకు వచ్చాడు. పెట్టింది తిన్నాడు, పడుకున్నాడు. యామినికి తను పెద్ద పాపం చేసినట్టు అనిపించింది.

ఆదివారం పొద్దున వసారాలో చార్టు పరుచుకుని రాసుకుంటుంటే చంద్ర వచ్చి నిలబడ్డాడు. చదివేకొద్దీ ముఖం ఎర్రబడింది.

"ఇరవైకి తొమ్మిది... టెంకాయకు నీళ్ల సంగతి తెలుసనే ఆధారం దొరకలేదు... ఏమే ఇది? మొన్న పదికి తొమ్మిదన్నావు గదా?"

"ఆ పరీక్ష తప్పు నాన్నా. నాకు జవాబు తెలుసు. తాత నా ముఖం చూసి చెప్పినాడు."

"అంటే మా నాయన దొంగనా?"

"అట్ల కాదు నాన్నా! తాతకు కూడా తెలీకుండానే..."

"ఇది పట్టుకొని మంగళవారం కడపలో సైన్స్ ఫెయిర్‌కు పోతావా? పేపరోళ్లు వస్తారు, టీవీలోళ్లు వస్తారు. నలభై ఏండ్ల పరువు ఒక అట్టముక్క మీద పెట్టి అమ్ముతావా?"

"పేరు రాయలేదు నాన్నా. చూడు, ఒక పెద్దాయన అని రాసినా."

"ఈ చుట్టుపక్కల టెంకాయ పట్టే పెద్దాయన ఇంకెవరుండారు? రేపు బోరు బండి వస్తాండాది. నాయన చూపించిన పాయింటు మీదనే నా ఆశంతా. ఇప్పుడు ఈ మాట వింటే ఆయన ఏమైపోతాడు?"

నాగలక్ష్మమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "మూడు దినాల నుంచి మనిషి మనిషిగా లేడు. ఎత్తుకొని పెంచిన తాతకు ఇంత శిక్ష వేస్తారా తల్లీ?"

వంటింటి గుమ్మంలో నిలబడ్డ కోడలు కృష్ణవేణి ఒక్కటే అడిగింది. "అది అబద్ధమేమన్నా రాసిందా?"

జవాబు లేనిచోటే కోపం ఎక్కువవుతుంది. చంద్ర చార్టు ముందు కూర్చుని కూతురి చేతిలో స్కెచ్ పెన్ను పెట్టాడు. "ఈ 9 ముందర ఒకటి గీయి. అంతే. పంతొమ్మిదవుతాది. ఎవరొచ్చి అడుగుతారు? మీ తాత కోసం ఒక్క గీత గీయలేవా?"

యామిని పెన్ను పట్టుకుంది. నిజంగా ఒక్క గీతే. తాత మళ్లీ నవ్వుతాడు, నాన్న అరవడు, జేజి ఏడవదు. పెన్ను మూత తీసింది. మొనను అంకె దగ్గరిదాకా తెచ్చింది. ఎంత ప్రయత్నించినా చేయి కదల్లేదు. "నావల్ల కాదు నాన్నా," అని బావురుమంది.

"గీయగాకు పాపా."

వీధి గుమ్మంలో ఓబులేసు. పక్కన శివజ్యోతి, చేతిలో నోట్‌బుక్కు. ముసలాయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"చంద్రా, నేను ఈ రెండు దినాలూ యాడికి పోయినాననుకున్యావు? ఈ పిల్లను పిలుచుకొని మోటారు గది కాడికే పోయినా. మళ్లీ పెట్టు నాకు పరీక్ష అన్నా. ఇరవై చాలదు, యాభై పెట్టు అన్నా. ఎవురి ముఖమూ కనపడకుండా ఒంటిగా నడిచినా. లేస్తే గీత, లేకుంటే సున్న, బొగ్గుతో గోడ మీద రాసుకున్యా. ఇంతకు ముందే ఇద్దరం కూచొని సరిచూసినాం. చెప్పు పాపా."

"యాభైలో ఇరవై నాలుగు," అంది శివజ్యోతి మెల్లగా.

"వినినావా? బిడ్డలది తప్పు కాదు. నాదీ మోసం కాదు. నా చెయ్యి ఎట్ల తిరుగుతాండాదో నాకే తెల్దు. కానీ ఒకటి తెలిసింది. నువ్వు చీనీ తోటలో కొత్త బోరుకు పాయింటు చూడమన్న రోజు మోటారు గది దిక్కే చూస్తాంటివి, అవునా కాదా?"

చంద్ర తడబడ్డాడు. "ఆడ పడితే... కేబులు దగ్గరవుతాదని అనుకున్యా."

"నువ్వు అనుకున్యావు. నా టెంకాయ ఆడనే లేచింది. నలభై ఏండ్లు నేను నేల కింద చూసినాననుకున్యా కొడుకా. చూసింది రైతుల ముఖాలు. వాళ్ల ఆశ యాడుంటే ఆడ రాయి పాతినా." ఆయన దండెం మీది టవళ్ల వైపు చూశాడు. "నీళ్లు పడినోళ్లు టవలు కప్పిరి. పుల్లయ్యకు మూడు చోట్ల చూపించినా. మూడూ దుమ్మే లేచె. దేవుడు నీకు రాసిపెట్టలేదప్పా అని చెప్పి వచ్చేస్తి. చేను అమ్ముకొని పాయె పుల్లయ్య. ఆ పొద్దు ఎవరన్నా నాకు ఇట్లాంటి పరీక్ష పెట్టింటే ఎంత బాగుండు!"

నాగలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నలభై ఎనిమిదేళ్ల కాపురంలో భర్త కళ్లలో నీళ్లు ఆమె చూడటం అది రెండోసారో మూడోసారో.

"బండోనికి ఫోన్ చేసి రావద్దని చెప్పు," అన్నాడు ఓబులేసు. "నేల కింది నీళ్లను మీటర్లతో చూసే ఆఫీసోళ్లు కడపలో ఉండారు. అర్జీ ఎట్ల పెట్టాల్నో శామ్ సారు చెప్తాడు."

"వాళ్లు చూపిస్తే మాత్రం నీళ్లు పడతాయా నాయనా?"

"పడకపోవచ్చు. అయితే వాళ్లది తప్పు పోతే తప్పని కాయితం మీద ఉంటాది. నీ తలరాత అని చెప్పి ఎవురూ తప్పించుకోరు. అంతవరకూ ఉన్న నీళ్లనే ఒక వరస విడిచి ఒక వరసకు ఇద్దాం."

ఇంతసేపూ చంద్ర నాయన పరువు కాపాడుతున్నాననుకున్నాడు. కూతురి చేత దొంగగీత గీయించబోయిన తన చేతి వంక చూసుకుంటే సిగ్గేసింది. డెబ్బై రెండేళ్ల మనిషి తనంతట తాను పోయి మళ్లీ పరీక్షకు నిలబడ్డాడు. పద్నాలుగేళ్ల పిల్ల ఏడుస్తూనే అబద్ధం రాయనంది. ఈ ఇంట్లో పిరికివాడు ఎవరంటే తనొక్కడే.

ఓబులేసు చార్టు మీదికి వంగాడు. "ఇదేంది పాపా, ఒక పెద్దాయన? నాకు పేరు లేదా?"

"నవ్వుతారేమోనని తాతా..." అంది యామిని వెక్కుతూ.

"నవ్వనీలే. పేరు లేకుంటే ఎవురు నమ్ముతారు? ఊరూ పేరూ రాయి. ఎవురికన్నా అనుమానముంటే వచ్చి నన్నే అడుగుతారు. మంగళవారం నేనూ వస్తాండా మీతో."

యామిని వచ్చి తాత మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఓబులేసు ఆ తల నిమురుతూ, "నేను నేర్పింది ఏముండాదే నీకు? ఈ వయసులో నువ్వే నాకు నేర్పితివి," అన్నాడు. శివజ్యోతి ముఖం అటు తిప్పుకుని తువ్వాళ్ల దండెం వైపు చూస్తూ నిలబడింది. కృష్ణవేణి ఆ పిల్లను దగ్గరికి లాక్కుంది.

యామిని కళ్లు తుడుచుకుని పెన్ను తీసుకోబోతే, అప్పటికే అది చంద్ర చేతిలో ఉంది. నేల మీద బాసింపట్టు వేసుకుని, పెద్దాయన అన్న మాట కొట్టేసి, గుండ్రటి అక్షరాలతో మెల్లగా రాశాడు. పరీక్షకు నిలబడినవారు: ఓబులేసు. రాస్తుంటే ఒక కన్నీటి చుక్క అట్ట మీద పడింది. దాన్ని చొక్కా చేతితో అద్ది, పక్కన ఊరి పేరు కూడా రాసి, తండ్రి వైపు చూశాడు.

"బాగుండాదా నాయనా?"

"బాగుండాది. దాని పైన పరీక్ష పెట్టినోళ్ల పేర్లు రాయి. యామిని, శివజ్యోతి," అన్నాడు ఓబులేసు. "నా పేరు కంటే పెద్దగా రాయప్పా."