పొద్దుటి ఎండ కోమలది

"ఓ నవీన్‌కుమార్! పొద్దు యాడ పొడుస్తదో ఎరికేనా నీకు?"

తెల్లారీ తెల్లారకముందే ఈ కేక వినిపించేసరికి, నోట్లో వేపపుల్ల పెట్టుకున్న నవీన్‌కి ఆ రోజు ఎలా గడవబోతోందో అర్థమైపోయింది. పుల్ల పారేసి బోరు దగ్గరికి పరుగెత్తాడు.

అక్కడ కోమల చున్నీ నడుముకు చుట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక సోలార్ ప్లేట్లు ఎనిమిదీ పడమరకు మొహం పెట్టి, నిన్నటి పొద్దు కోసం ఇంకా చూస్తున్నాయి.

"ఎరికే," అన్నాడు నవీన్. "నువ్వు లేచి అరిచినంక పొడుస్తది."

"మజాకా? నిన్న పొద్దూకంగ నీ వంతు అయిపోయినంక మళ్ల తూర్పుకు తిప్పి పోవాల్నా, వద్దా?"

"మర్శిపోయిన."

"అన్నం తినుడు మర్శిపోయినవా?"

"లే. రెండుసార్లు తిన్న."

కోమలకు నవ్వు వచ్చింది. బయటికి రానివ్వలేదు. పొద్దున్నే వీడికి ఒక నవ్వు ఇస్తే రోజంతా దాన్నే పట్టుకుని తిరుగుతాడు.

దేవరకొండ అవతల, వాగు దాటిన ఈ మెట్ట చెలకలకు కరెంటు స్తంభాలు రాలేదు. ఒకప్పుడు గుంట భూమి లేని ఇళ్లకు సర్కారు ఇచ్చిన జాగా అది. ఒకవైపు కోమల తల్లి జానమ్మది, రెండోవైపు నవీన్ తండ్రి మైసయ్యది. ఆమెకు భర్త లేడు, ఆయనకు భార్య లేదు. ఆమె చర్చికి పోతుంది, ఆయన మైసమ్మకు మొక్కుతాడు. అయినా అన్నా, చెల్లె అనే పిలుచుకుంటారు. రెండు చెలకల మధ్య ఒకటే బోరు, దానికి ఇద్దరూ కలిసి పెట్టుకున్న సోలార్ మోటారు. మధ్యాహ్నం దాకా నీళ్లు జానమ్మ బీరపందిరికి, ఆ తర్వాత మైసయ్య బత్తాయి మొక్కలకు. ప్లేట్ల స్టాండును మాత్రం చేత్తో తిప్పాలి. పొద్దున తూర్పుకు, మధ్యాహ్నం దాటాక పడమరకు. తిప్పకపోతే ఆ పూట నీళ్లు సన్నగా వస్తాయి.

నీళ్లే కాదు. ఇంట్లో బల్బు, ఫ్యాను, సెల్లు చార్జింగు, మందు కొట్టే పంపు బ్యాటరీ అన్నీ కొట్టం మీది చిన్న ప్లేటుతోనే నడుస్తాయి. అద్దం మూత ఉన్న పెట్టెలో కోమల టమాట ముక్కలు ఎండబెట్టి దేవరకొండలో అమ్ముతుంది. నల్గొండలో డిగ్రీ చదివి వచ్చి, ఎవరి చేతికిందా ఉండకుండా ఈ చెలకలోనే బతకొచ్చని తల్లిని ఒప్పించిన పిల్ల. అలాంటిదాని ఎండ పాడుచేస్తే ఊరుకుంటుందా?

మర్నాడు ప్లేట్లు తూర్పుకే ఉన్నాయి. పైగా తుడిచి ఉన్నాయి. కానీ కింది నాలుగే. పై నాలుగింటి మీద దుమ్ము దుమ్ములాగే ఉంది.

"సగమే తుడిచినవేంది?"

"అన్నీ నేనే తుడిస్తే నువ్వు చూసి పోతవు. సగం ఉంచితే జరసేపు నిలబడతవు."

కోమల బట్ట తీసుకుని పీట ఎక్కింది. "చెయ్యి అందుతలేదు, ఆ బకెట్ పైకి పట్టు," అంది కోపంగా. ఆ కోపంలో కోపమే లేదు.

అప్పటినుంచి రోజూ కింది నాలుగు అతనివి, పై నాలుగు ఆమెవి.

"నీకు ఎండ అంటే అంత పానమేంది?" అని అడిగాడొకసారి.

"ఎండను ఎవ్వల్ని అడుక్కునే పని లేదు. దానంతట అదే వస్తది."

"నన్ను గూడ అడుక్కునే పని లేదు."

చాలా మెల్లగా అన్నాడు. ఆమె విన్నది. విననట్టు బట్ట పిండింది. అప్పటికే పిండేసిన బట్టలోంచి ఇంకేం వస్తుంది?

అంతా బాగానే ఉండేది, ఆ ఆదివారం రాకపోతే.

ఆదివారం పొద్దున తల్లీకూతుళ్లు నీళ్లు పందిరికి విడిచి చర్చికి పోతారు. ఆ వారం తిరిగి వచ్చేసరికి పందిరి కింద మళ్లు సగం పొడిగానే ఉన్నాయి. నీళ్లు బత్తాయి మొక్కలకు పారుతున్నాయి.

"నా వంతు నీళ్లు నువ్వెట్ల మలుపుకుంటవే అన్నా?" జానమ్మ గొంతు లేచింది.

"నీ మళ్లు నిండినయనుకున్న చెల్లె. వట్టిగ పోతయని మలిపిన."

"నేను దేవుని దగ్గరికి పోయినప్పుడే నిండినయా?"

మాటకు మాట పెరిగింది. మైసయ్య మొహం ఎర్రబడింది. "గిట్ల రోజూ పంచాది ఎందుకు? ప్లేట్లు సగం సగం పంచుకుందాం!"

కోమల నవీన్ వైపు చూసింది. "నువ్వన్న చెప్పు. మళ్లు నిండలేదని నీకు ఎరికే గద."

నవీన్ తన బాపు మైసయ్య వైపు చూశాడు. తర్వాత నేల వైపు చూశాడు. చిన్నప్పటినుంచీ బాపు ముందు అతని నోరు పెగలదు.

కోమల లోపలికి వెళ్లిపోయింది. మర్నాడు కింది నాలుగు ప్లేట్లు తళతళలాడుతున్నా, పై నాలుగు తుడవడానికి ఎవరూ రాలేదు.

ప్లేట్లు పంచే రోజు మెకానిక్ పరశురాములు నట్లు విప్పే పానాల సంచితో వచ్చాడు. నాలుగు ప్లేట్ల వైర్లు విప్పి, మిగిలిన నాలుగింటితో మోటారు వేశాడు. బోరులోంచి మూలుగు వచ్చింది గానీ చుక్క నీరు రాలేదు.

"నాలుగింటికి నీళ్లు ఎక్కయి అన్నా. ఎనిమిది ఉండాల్సిందే."

"అయితే నేను ఏరే బోరు ఏసుకుంట," అన్నాడు మైసయ్య, ఇటు చూడకుండా.

"నేను చెలక కౌలుకిచ్చి, పిల్లను హైదరాబాద్ మా అక్క దగ్గరికి తోలుత," అంది జానమ్మ, అటు చూడకుండా. "రేపే పోతది."

నవీన్‌కి కోమల లేని పొద్దు ఎలా ఉంటుందో ఈ వారం రోజుల్లోనే తెలిసింది. దాన్ని బతుకంతా మొయ్యడం తన వల్ల కాదు.

పరశురాములు మళ్లీ ఎనిమిదీ కలిపాడు. నిండు మధ్యాహ్నపు ఎండకు నీళ్లు పెద్ద చప్పుడుతో సిమెంటు తొట్టిలోకి దూకాయి. పెద్దలిద్దరూ చెరో గట్టు మీద మొహాలు తిప్పుకుని కూర్చున్నారు. కోమల తొట్టి దగ్గర ఒంటరిగా ఉంది. ఈ హోరులో బాపుకు ఏమీ వినపడదని లెక్క వేసుకుని నవీన్ దగ్గరికి వెళ్లాడు.

"కోమలా! పోకు!"

"ఏంది? ఇనపడ్తలేదు!"

వినపడింది. ఇంకోసారి అనిపించుకోవాలని ఉంది ఆమెకి.

"పోకు అంటున్న!"

"ఎందుకు పోవద్దు? ఆ దినం నోరు లేవలే గద నీకు!"

"తప్పయింది! బాపు ముంగట నాకు మాట రాదు!"

"మరి ఇప్పుడెట్ల వస్తాంది?"

నవీన్ గుండెల నిండా ఊపిరి పీల్చి అరిచాడు. సరిగ్గా అప్పుడే ఒక నల్లమబ్బు వచ్చి పొద్దును మూసేసింది. మోటారు ఆగింది. నీళ్లు ఆగాయి. అంతటి నిశ్శబ్దంలో అతని గొంతు ఒక్కటే రెండు చెలకల్లోనూ మోగింది.

"నువ్వంటే నాకు పానం! చేసుకుంటే నిన్నే చేసుకుంట!"

పరశురాములు చేతిలో పానా జారి కింద పడింది. జానమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మైసయ్య గట్టు మీదినుంచి లేచి వచ్చాడు.

"ఏమంటివిరా?"

నవీన్ ‘ఏం లేదు బాపు’ అనేస్తే సరిపోయేది. ఎప్పుడూ అనేదే కదా. కానీ కోమల అతన్నే చూస్తోంది.

"ఇన్నవు గద బాపు. మళ్ల చెప్పమన్నా గదే చెప్త. ఆ దినం మళ్లు నిండలే, నువ్వే మలిపినవు. అది గూడ చెప్త."

మైసయ్య కొడుకును కిందికీ మీదికీ చూశాడు. వీడికి గొంతు ఉందని ఆయనకు ఆ రోజే తెలిసింది.

"నీ మాటేంది బిడ్డా?" జానమ్మ కూతుర్ని అడిగింది.

కోమల ఒకసారి పైకి చూసింది. మబ్బు అంచు అప్పుడే తెల్లబడుతోంది. "పొద్దు రాకముందే చెప్త, అందరు ఇనుండ్రి. నేను యాడికీ పోను. ఈ చెలకల్నే ఉంట, ఈయనతోనే ఉంట."

చెప్పేశాక ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

మైసయ్య జానమ్మ వైపు తిరిగాడు. "చెల్లె, ఆ ఆదివారం నాదే తప్పు. ఇగనుంచి నువ్వు చర్చికి పోతే నీ పందిరికి నేనే పారిస్త. పిల్లను నా ఇంటికియ్యి."

"పెండ్లి చర్చిలనే కావాలె."

"చర్చిలనే. పెండ్లి బువ్వలు మాత్రం నా చెలకల."

జానమ్మ ఇక నవ్వు దాచుకోలేకపోయింది. "అయితే వానకాలం వద్దన్నా. గంత మందికి వంట, నీళ్లు. మబ్బు పట్టిందంటే మన పరువు పోతది."

"నిజమే. ఎండలు ముదిరినంక పెడుదాం తియ్."

నవీన్ కోమల చెవి దగ్గరికి వంగి, ఈసారి వీలైనంత మెల్లగా అడిగాడు. "ఎండకాలం దాక ఆగాల్నా?"

మబ్బు ఇంకా పోలేదు, మోటారు ఇంకా లేవలేదు. అందరికీ వినపడింది.