మనసు పట్టీ

"చెయ్యి వదులుగా పెట్టమ్మా," అంది డాక్టర్ ఇందుమతి.

భర్త పోయిననాడు తీసేసిన పట్టీ మళ్లీ నూకరత్నం మణికట్టుకు ఎక్కింది. కాసేపటికే ఇందుమతి చేతిలోని తెర మీద పీతలమొగ పాలెం అంకె దిగిపోయింది.

ఆ పట్టీ సంగతి కొంచెం చెప్పాలి. మడ చెట్లు తమ కింది బురదలో కార్బన్‌ను దాచిపెడతాయి. అందుకని ఒక విదేశీ కంపెనీ పీతలమొగ చుట్టూ మడ అడవి పెంచుతోంది. మొక్కలు పాడవకుండా కాలువల్లో వేట మాన్పించి, బదులుగా మంచినీటి ప్లాంటు పెట్టింది. అడవి పచ్చగా ఎదిగి, పక్కనున్న మనుషులు చితికిపోయిన ప్రాజెక్టులు ఇందుమతి చాలా చూసింది. అందుకే నాడి, చెమట, నిద్ర చూసి మనిషి మనసెలా ఉందో కొలిచే పట్టీ తయారుచేసింది. అందరి పట్టీల సగటే పాలెం అంకె; అది ఒక గీత దాటి దిగితే ప్రాజెక్టు ఆగిపోవాలి. దుఃఖంలో ఉన్నవాళ్లను దాచెయ్యకుండా, ఊళ్లో ఉన్న ప్రతివాళ్లూ కట్టుకోవాలన్న రూలు కూడా ఆమె పెట్టించిందే.

కాలువలో వేట లేక నూకరత్నం భర్త సింహాద్రి చిన్న పడవ మీద సముద్రంలోకి వెళ్లాడు. తిరిగి రాలేదు.

మొదట్లో ఇరుగుపొరుగు ఆమెకు వండిపెట్టారు, పక్కన పడుకున్నారు. అంకె మాత్రం దిగుతూనే ఉంది. ఒక మధ్యాహ్నం పాలెం పెద్ద సత్తిరాజు వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"నీ బాధ మాకు తెలీదా అమ్మా? కానీ ప్రాజెక్టు ఆగిపోతే ప్లాంటు పట్టుకుపోతారంట. మన బావుల్లో ఉప్పునీళ్లే కదా. కొన్నాళ్లు మీ అక్క ఊరెళ్లి రా."

"అక్కడైతే ఏడవొచ్చా, మావా?"

మర్నాడు ఆమె పడవెక్కింది. సాగనంపడానికి ఎవరూ రాలేదు.

తెలిసి ఇందుమతి పరుగున వచ్చింది. "ఆవిడ ఎందుకేడుస్తోందని కంపెనీని నిలదియ్యడానికే కదండీ ఈ పట్టీ!"

"కంపెనీ మాకెక్కడ అందుద్దండీ, డాక్టరుగారూ?" అన్నాడు సత్తిరాజు. "మాకు రత్నమే అందింది."

అంకె పెరిగింది. కంపెనీ ఇందుమతిని అభినందించి, తన మిగతా తీరాలన్నిటికీ పట్టీలు కావాలంది. ఊరొదిలినవాళ్లనూ లెక్కలో ఉంచేలా రూలు మార్చమని ఆమె రాసిన దానికి మాత్రం జవాబు లేదు.

వానల్లో సత్తిరాజు మనవరాలు జ్వరంతో చనిపోయింది. ఇందుమతి వెళ్లేసరికి ఇంటినిండా జనం. ఏడుపు లేదు. చాప మీద పాప. పక్కనే తల్లి దుర్గ, పళ్ల మధ్య కొంగు కరిచిపట్టుకుని ఉంది. ఒక ముసలామె ఆమె వీపు రాస్తూ, "నెమ్మదిగా పీల్చు తల్లీ... నెమ్మదిగా వదులు," అంటోంది.

ఇందుమతి తట్టుకోలేకపోయింది. మోకాళ్ల మీద కూర్చుని, దుర్గ చేతి పట్టీ విప్పబోయింది.

దుర్గ చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వద్దండీ," అంది కొంగు నోట్లోంచి తీసి. "పట్టీ లేకుండా ఊళ్లో ఉండకూడదు కదా. నన్నూ పంపేస్తారు."