మోకరిల్లిన సేనాని

ఆగండాగండి! చేతిలో పని కాస్త పక్కన పెట్టి, ఇలా కూర్చుని వినండి.

స్టీల్ ప్లాంటు పక్కనున్న ఖుర్సీపార్‌లో ఓ మేడ మీద గది. బయట ‘మొబైల్ రిపేరింగ్’ బోర్డు. లోపల ఏజెంట్ రవికాంత్, కోడ్‌నేమ్ కొలిమి. పద్నాలుగు నెలలుగా అండర్‌కవర్. పక్కనే చరోదా రైల్వే కాలనీలో సొంత అక్క ఉంది. ఆవిడ లెక్క ప్రకారం తమ్ముడు సూరత్‌లో ఉన్నాడు. బజార్లో అక్క ఎదురైతే హెల్మెట్ వైజర్ దించుకుని పక్క సందులోకి తిరిగిపోతాడు. అంత ఒంటరి.

కానీ ‘మంచుకోట’ అనే ఆన్‌లైన్ గేమ్‌లోకి దిగాడా, ఎర్ర కవచం, నడుముకి రెండు కత్తులు, వెనక నలభై వేల సైన్యం! సమురాయ్ సేనాని తకెమోరి. మహారాణి గీసిన గీత దాటడు.

ఆ మహారాణే టార్గెట్. ‘నల్లకొంగ’ అనే విదేశీ ముఠా తన ఆర్డర్లన్నీ ఆమె చేత దర్బారు ఆజ్ఞల్లా పలికిస్తోంది. ఆ మహారాణి వేషం వెనక ఉన్న అసలు మనిషి ఎవరు? అది కనిపెట్టడమే మిషన్.

చిక్కేమిటంటే, ఈ లోకంలో రవికాంత్‌ని రోజూ పలకరించేది కూడా ఆవిడ ఒక్కతే. “సేనానీ, ఇవాళ నీ మాట బరువుగా ఉందేం?” అని అడిగేది ఇంకెవరని!

ఆ మధ్యాహ్నం ఒకటీ ముప్పైకి ఇయర్‌పీస్‌లో ఢిల్లీ పలికింది.

“కొలిమీ, రెడ్ అలర్ట్. చరోదా యార్డులో డిఫెన్స్ స్టీల్ గూడ్సు. ఇంజన్ కింద బాంబు. పక్క లైన్లో నిండా జనంతో ప్యాసింజర్. ట్రిగ్గర్ మహారాణి ఫోన్‌లో ఉంది. రెండు కొట్టేలోపు నొక్కమని ఆర్డర్. స్క్వాడ్ పని మొదలెట్టింది, టైమ్ చాలదు. ఆమె ఎక్కడ?”

అంతలో టిఫిన్ కేరియర్‌తో అప్పయమ్మ వచ్చింది. వీధికి ఇడ్లీలమ్మ, రవికాంత్‌కి పని పురమాయించే కంట్రోలర్. గోడ మీదున్న మహారాణి లాగిన్ చార్టు మొదటిసారి చూసింది.

“దీన్ని చూసి ఢిల్లీవోలు ఏటన్నారు?”

“టైమింగ్స్ వారం వారం మారుతున్నాయి కాబట్టి దేశాలు తిరుగుతోందన్నారు పిన్నీ.”

“దేశాలేటి, వోల మొహం! ఓ వారం పొద్దుట ఆరు నుంచి రెండు దాకా కనబడదు. ఓ వారం రెండు నుంచి పది. ఓ వారం రాత్రంతా. మంగళారం ఆఫు. ఇది ప్లాంటు షిఫ్ట్ డ్యూటీరా! మా ఆయన ముప్పయ్యేళ్లు చేసినాడు, నాకు తెలీదేటి?” అని, టక్కున ఆగింది. “నువ్వూ షిఫ్టులింట్లో పెరిగినోడివే. నీకెప్పుడు తెలిసినాది?”

రవికాంత్ తల దించుకున్నాడు. “రెండో నెలలో.”

“రిపోర్టులో రాయలేదేటి?”

“రాస్తే ఇంక ఆవిడ ఉండదు కదా.”

అప్పయమ్మ తిట్టలేదు. స్కూటీ తాళం తీసింది. “ఈ వారం బి షిఫ్ట్. రెండింటికి డ్యూటీ ఎక్కాల. బాంబు పేల్చేసి పంచింగ్ కొడతాదన్నమాట! ప్లాంటు గేటుకాడే ఉంటాది. జల్దీ ఎక్కు!”

వెనక సీట్లో రవికాంత్ గేమ్ తెరిచాడు. మంచుకోట దర్బారులో సేనాని మోకరిల్లి రెండు కత్తులూ చాచాడు.

“మహారాణీ, విధేయతా ప్రమాణం.”

“ఇప్పుడా, సేనానీ?”

“ఇప్పుడే.”

ఆ ప్రమాణం పావుగంట. అంతసేపూ ఇద్దరి బొటనవేళ్లూ స్క్రీన్ మీదే ఉండాలి. ఎవరు వేలు తీసినా సేనాని అక్కడికక్కడే బూడిద. మళ్లీ పుట్టడు. వేలు తియ్యకుండా ఆ ఫోన్‌లో ఇంకేదీ నొక్కలేరు.

ఒకటీ యాభై ఒకటి. తెర అటువైపు రెండు వేలిముద్రలు వెలిగాయి. ఒప్పుకుంది!

“ఇంకో ఐదు నిమిషాలు కావాలి,” ఇయర్‌పీస్ గోల పెట్టింది. స్కూటీ సైకిళ్ల మధ్య నుంచి దూసుకుపోతోంది. ఒకటీ యాభై ఏడు. కుడి వేలిముద్ర మినుకుమంది. ఎర్ర కవచం అంచుకి నిప్పంటుకుంది.

“వద్దు,” అన్నాడు రవికాంత్ పైకే. ఆవిడకి వినపడదని తెలిసీ.

వేలిముద్ర మళ్లీ గట్టిగా వెలిగింది. నిప్పు ఆరింది.

గేటు ముందు స్కూటీ ఆగింది. రెండు గంటల సైరన్ మోగింది. ఆ మోతలోనే ఇయర్‌పీస్ అరిచింది: “డిఫ్యూజ్డ్!”

జనమంతా లోపలికి పరిగెడుతున్నారు. షెడ్డు కింద ఒక్క మనిషి మిగిలింది. కళ్లకి కాటుక, మోచేతికి సేఫ్టీ హెల్మెట్, రెండు చేతుల్లో ఫోన్.

“వెరోనికా దీదీ! ఏటలా నిలబడిపోనావు? ఆబ్సెంట్ పడిపోద్ది!” పరిగెడుతూ ఎవరో అరిచారు.

ఆమె కదల్లేదు. తలెత్తి, స్కూటీ వెనక సీట్లో అచ్చం తనలాగే ఫోన్ పట్టుకున్న మనిషిని చూసింది. పారిపోలేదు. చిన్నగా నవ్వింది.

మఫ్టీ పోలీసుల జీపు వచ్చి ఆగింది. “కొలిమీ, వీళ్లలో ఎవరు? వేలెత్తి చూపించు!”

ప్రమాణం పూర్తవడానికి ఇంకా ఆరు నిమిషాలున్నాయి. ఓ రైలునిండా జనాన్ని చంపడానికి వచ్చి, ఒక్క సేనానిని బతికించడానికి డ్యూటీ కూడా ఎగ్గొట్టిన మహారాణి ఎదురుగా ఉంది. మీరైతే ఆ స్క్రీన్ మీంచి వేలు తీస్తారా?