ఎర్ర టేపు సిలిండర్

డైవర్ భిక్షపతి శవాన్ని చెరువులోంచి లాగేసరికి పొద్దు బారెడెక్కింది. మొహం గులాబీ రంగులో నిగనిగలాడుతోంది, అప్పుడే పెళ్లి కుదిరినవాడిలా. విషవాయువుతో చచ్చినవాళ్లకు ఆ అందం వస్తుందని ఏజెంట్ పురుషోత్తానికి తెలుసు. తెలిసినందుకే ఒళ్లు మండింది.

"వీడికి స్పేర్ మౌత్‌పీస్ ఉండె గదా సార్?"

"ఉండె. గదీ అదే సిలిండర్‌కు," అన్నాడు చీఫ్ సీతారాం. "కార్బన్ మోనాక్సైడ్. వాసన ఉండదు. ఏ మౌత్‌పీస్‌తోని పీల్చినా అదే విషం."

బ్రీఫింగ్ అక్కడే, శవం పక్కనే జరిగింది. తూము దగ్గర విదేశీ ముఠా టైంబాంబు పెట్టిందని భిక్షపతి చచ్చే ముందు కబురు పంపాడు. రేపు మధ్యాహ్నం బోనాల ఊరేగింపు కట్ట కింద నడిచే వేళకు అది పేలుతుంది.

"జనాన్ని ఖాళీ చేయిద్దాం సార్."

"ముఠా పసిగట్టి జారుకుంటది. చేయించం. నువ్వు దిగు, తీగ కొయ్."

ఆ ఊరేగింపులో పురుషోత్తం తల్లి మాణిక్యమ్మ కూడా బోనమెత్తుతుంది. చీఫ్‌కు ఆ సంగతి తెలుసు. తెలిసే అన్నాడు.

పాతబస్తీలో యూనుస్‌ది వెల్డింగ్ షాపు. వెనక గదిలో మాత్రం డిపార్ట్‌మెంట్ డైవింగ్ సామాను ఉంటుంది.

"ఒకే సిలిండర్‌కు రెండు గొట్టాలొద్దు భాయ్. వేరే సిలిండర్, వేరే రెగ్యులేటర్ కావాలె. చిన్నదైనా సరే, దాని గాలి దానిదే ఉండాలె," అన్నాడు పురుషోత్తం.

"గట్లయితే గివి తీస్కో," అంటూ రాజమణి లోపలికొచ్చింది. డిపార్ట్‌మెంట్‌లో ఆమెను మించిన డైవర్ లేదు, ఆమెను చూసి తడబడని ఆఫీసరూ లేడు. రేపు పురుషోత్తంతో దిగేది ఆమే. రెండు చిన్న సిలిండర్లు బల్లమీద పెట్టింది. "నింపిచ్చుకొచ్చిన. ఎర్ర టేపుది నీకు, రెండోది నాకు."

పురుషోత్తం బేగంబజార్‌లో పుట్టి పెరిగినవాడు. అక్కడ షావుకారు ముందు తన నోట్లో చిటికెడు సరుకు వేసుకుంటే తప్ప ఎవడూ బస్తా ముట్టడు. ఎర్ర టేపు సిలిండర్ మౌత్‌పీస్ ఆమె ముందుకు చాచాడు. "ముందుగాల నువ్వొక దమ్ము పీల్చు."

"ఛీ! లిప్‌స్టిక్ ఖరాబైతది," అని నవ్వి వెళ్లిపోయింది.

యూనుస్ మిద్దె మీదనుంచి ఒక పావురాన్ని తెచ్చి డబ్బాలో పెట్టాడు. ఆ మౌత్‌పీస్ లోపలికి దూర్చి గాలి వదిలాడు. రెక్కలు కాసేపు టపటపలాడి ఆగిపోయాయి.

"భిక్షపతన్న సిలిండర్ గూడ గీమెనే నింపిచ్చింది," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "పట్టియ్యి అన్నా."

"ముఠా మనిషైతే ఏ తీగ కొయ్యాల్నో దానికే ఎరుక. నీళ్లల్లకు రానియ్." పురుషోత్తం ఎర్ర టేపు ఊడదీసి రెండో సిలిండర్‌కు చుట్టాడు.

మర్నాడు తూము దగ్గర బురదనీళ్లలో బాంబు కనబడింది. అదే క్షణాన వెనకనుంచి రాజమణి అతని పెద్ద సిలిండర్ వాల్వు కట్టేసి, చూస్తూ నిలబడింది. పురుషోత్తం ఎర్ర టేపుదాని మౌత్‌పీస్ నోట్లో పెట్టుకుని హాయిగా గాలి పీల్చాడు. టార్చి వెలుగులో ఆమె కళ్లు పెద్దవయ్యాయి. తప్పించుకునేలోపే బేడీ పడింది, ఒక కొస ఆమె చేతికి, రెండోది తూము ఇనుప చువ్వకు. ఆ తర్వాత ఆమె పెద్ద సిలిండర్ వాల్వు కట్టేసి, తిప్పే పిడి ఊడబెరికాడు.

ఆమె తన చిన్న సిలిండర్ అందుకుంది. మౌత్‌పీస్ పెదాల దాకా తెచ్చి, ఏం జరిగిందో అర్థమై వదిలేసింది.

పురుషోత్తం టార్చి బాంబు మూడు తీగల మీద వేశాడు. తర్వాత తన మౌత్‌పీస్ తీసి చూపించాడు. బేరం ఆమెకు తెలిసింది. అబద్ధం చెబితే తనూ పోతుంది. నల్ల తీగ చూపించింది. కోశాడు. గడియారం ముల్లు గీతకు వెంట్రుకవాసి దూరంలో ఆగింది.

ఆమె మెడ చాచింది. అతని చెయ్యి సగం దాకా వెళ్లింది. జాలి కలిగింది, కలగలేదనడం అబద్ధం. అయినా కట్ట మీద చూసిన ఆ గులాబీ మొహం కళ్లముందు నిలిచింది. మౌత్‌పీస్ మళ్లీ తన నోట్లోనే పెట్టుకుని పైకి ఈదాడు.

కట్ట కింద డప్పులు మోగుతున్నాయి. చీఫ్ చెయ్యందించి లాగాడు.

"రాజమణి ఏది?"

"తూముకు కట్టేసి వచ్చిన సార్."

"సస్తది గదరా! గాలి ఉందా దాని కాడ?"

"నిండు సిలిండర్ ఉంది సార్. స్వయంగా నింపిచ్చుకున్నదే."