కనపడితే ఆగాలి

బడులు తెరిచిన రోజున లక్ష్మీతులసి మొగలిలంక వెళ్లే పడవెక్కింది.

మొగలిలంక వశిష్ఠ గోదావరి మధ్యలో ఉంది. రాజోలు వైపు గట్టు నుంచి ఇంజన్ పడవలో పావుగంట. ఊళ్లో ఉన్న ఒక్క బడికి ఆమె ఒక్కతే టీచరు. ఉద్యోగం కొత్త. సొంతూరు నరసరావుపేట.

తొమ్మిదిలోపు బడి ఆవరణలో నిలబడి ఫోన్‌లోని యాప్‌కి ముఖం చూపించాలి. చూపిస్తే పచ్చ టిక్కు. దాటితే ఎర్ర టిక్కు. ఎర్రవి పోగైతే ప్రొబేషన్ పొడిగిస్తారని ట్రైనింగ్‌లో చెప్పారు. ఆమె ఆ మాట మర్చిపోలేదు.

ఎనిమిదిన్నర పడవ నిండింది. పడవ నడిపే నూకయ్య గెడకర్ర చేతిలోకి తీసుకున్నాడు. తీసుకున్నవాడు నెట్టలేదు.

"ఏమైందండి?" అని అడిగింది తులసి.

"ఎవరో వస్తున్నారండి."

ఆమె వెనక్కి చూసింది. గట్టు మీద, కొబ్బరి చెట్ల వరస మొదట్లో, ఒక మనిషి. అంత దూరం నుంచి ఆడో మగో తెలియదు.

"ఈ పడవకేనా?"

"ఏమోనండి. వస్తే తెలుస్తాది."

"ఈలోపు మనం వెళ్లిపోవచ్చు కదా?"

చేపల తట్ట పక్కన కూర్చున్న చిట్టెమ్మ ఆమె వైపు జరిగి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

"కనపడకపోతే ఎల్లిపోవచ్చు టీచరమ్మా. కనపడ్డాక ఒగ్గేసి ఎలా ఎల్తాం?"

గట్టు మీది మనిషి నడుస్తూనే ఉన్నాడు. చేతుల్లో ఏదో దొంతర ఉంది. గట్టు దిగేచోట గడ్డి కోస్తున్న ముసలాయన దగ్గర ఆగాడు. ఏదో అడిగాడు. జవాబు పూర్తిగా విన్నాడు. మళ్లీ నడిచాడు.

అతను పడవ ఎక్కేసరికి తులసి లేచి నిలబడి ఉంది.

"మీకోసం ఇంతమందిమి కూర్చున్నాం."

"ఆయ్. చూసేనండి."

"చూసి కూడా నడుస్తున్నారా?"

"మరేం చెయ్యమంటారండి?"

"పరిగెత్తచ్చుగా?"

అతను చేతుల్లోని దొంతర వైపు చూశాడు. కోడిగుడ్ల ట్రేలు, ఒకదాని మీద ఒకటి.

"గుడ్లతోనాండి?"

వెనక ఎవరో నవ్వి, దాన్ని దగ్గుగా మార్చారు.

"మా ఊళ్లో మనిషి చెయ్యి తలుపు మీద ఉండగానే బస్సు కదిలిపోద్ది," అంది తులసి.

"అయ్యో. మరి ఆ చెయ్యండి?"

ఆమెకి కోపం పెరిగింది.

"చూడండి. వీళ్లు మీరు కనపడితేనే కదా ఆగేది. రేపట్నుంచి ఈ పడవ వేళకి మీరు కనపడకండి."

అతను ట్రేలు జాగ్రత్తగా కింద పెట్టాడు.

"ఆయ్," అన్నాడు.

ఆ రోజు ఎర్ర టిక్కు పడింది.

మధ్యాహ్నం బడి వంటగదిలో ఆ ట్రేలే కనిపించాయి. గుడ్లబండి గట్టు దాకానే వస్తుందని, అక్కణ్ణుంచి నాగదుర్గాప్రసాద్‌గారు తన అరటితోటకి వస్తూ తెచ్చిపెడతారని వంటామె చెప్పింది. "ఆయన తెస్తే ఒక్కటి పగలదండి."

తులసి తన పళ్లెంలో గుడ్డు వైపు చూసింది. తర్వాత తింది.

మర్నాడు ప్రసాద్ కనపడలేదు. ఆ తర్వాతా కనపడలేదు. పడవ వేళకి కదిలేది. టిక్కులన్నీ పచ్చవే.

కాకపోతే ఆమె ఒక సంగతి గమనించింది. నూకయ్య గెడ ఎత్తగానే పడవలో వాళ్లంతా మాటలు ఆపి దిగువకి, అంతర్వేది వైపుకి తిరిగేవారు. పడవ రేవు దాటేదాకా అటే చూసేవారు. గోదావరి సముద్రంలో కలిసేచోట స్వామి గుడి ఉంది కాబట్టి ఇది ఇక్కడి ఆచారం అనుకుంది తులసి. రెండు రోజులు చూసి, మూడోరోజు తనూ అటు తిరిగి దణ్ణం పెట్టింది. ఆమెను చూసి చిట్టెమ్మ పెట్టింది. వారం తిరిగేసరికి పడవంతా పెడుతోంది.

సాయంత్రం పడవలో మాత్రం ప్రసాద్ ఉండేవాడు. మొదట్లో ఆ చివర కూర్చునేవాడు. వర్షాలు మొదలయ్యాక, జల్లు ఏ వైపు నుంచి కొడితే ఆ వైపు కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆమె అతని చాటున ఉండేది.

"ఉదయం ఏ పడవకి వస్తున్నారండి?" అని ఒకరోజు అడిగింది.

"తర్వాతదానికండి."

"కాస్త ముందు లేస్తే నా పడవకే రావచ్చు కదా?"

"లేస్తానండి. కోడి కంటే ముందే లేస్తాను."

"మరి?"

"ఇంటికాణ్ణుంచి రేవు దాకా ఎవరో ఒకరు పలకరిస్తారండి. పలకరిస్తే నిలబడకపోతే బాగోదు కదండి."

"పలకరించినవాళ్లందరి దగ్గరా నిలబడతారా?"

"ఆయ్. మీరు పలకరించి చూడండి."

ఆమె గోదావరి వైపు తిరిగింది. నవ్వు కనపడకూడదని.

ఇంకోరోజు అరటిగెల మీద కప్పిన ఆకు తీసి ఆమె బ్యాగు మీద కప్పాడు. లోపల పిల్లల డ్రాయింగులున్నాయని ఎలా తెలుసని ఆమె అడిగింది.

"మీరు దాన్ని గుడ్ల ట్రే పట్టుకున్నట్టు పట్టుకున్నారండి," అన్నాడు.

వినాయక చవితి వెళ్లిన వారంలో ఒక సాయంత్రం అతను పడవకి రాలేదు. నూకయ్య గెడ తీశాడు.

"ఇంకా ఎవరైనా వస్తారేమోనండి," అంది తులసి.

"ఎవరూ కనపడ్డం లేదండి."

"కాసేపు చూద్దాం."

నూకయ్య చిట్టెమ్మ వైపు చూశాడు. చిట్టెమ్మ ఖాళీ తట్ట వైపు చూసింది.

"ప్రసాద్‌గారైతే రారు టీచరమ్మా. కొత్తపేట ఎల్లేరు, వాళ్లమ్మగారితో. పిల్లని చూడ్డానికి. ఎల్లుండి మాటిచ్చేస్తారంట."

"మంచిదే కదా," అంది తులసి, చేతిలోని గొడుగుని మెలితిప్పుతూ.

"మంచిదేనమ్మా. ఆ గొడుగు ఇటియ్యండి, ఊచలిరిగిపోతాయి."

మర్నాడు తెల్లారినప్పటి నుంచి వాన. పడవ మీద టార్పాలిన్ కట్టారు. నూకయ్య గెడ ఎత్తాడు. అందరూ అంతర్వేది వైపు తిరిగారు. తులసి కూడా తిరిగేదే. గాలికి చున్నీ ఎగిరి వెనక తాడుకి చుట్టుకుంది. తీసుకోవడానికి ఆమె గట్టు వైపు తిరిగింది.

గట్టు కింద వలిచి పడేసిన కొబ్బరి డొక్కల గుట్ట ఉంది. గుట్ట వెనక గొడుగు. గొడుగు కింద గుడ్ల ట్రేలు. గొడుగు బయట ప్రసాద్.

ఆమె చున్నీ వదిలేసి పడవలోకి చూసింది. అందరూ అటు తిరిగి, చేతులు జోడించి ఉన్నారు.

"చిట్టెమ్మగారూ, మీరు దేనికి దణ్ణం పెడుతున్నారు?"

"మీరు పెడతన్నారని పెడతన్నామమ్మా."

"అటు ఎందుకు తిరుగుతున్నారు?"

నూకయ్య తల తిప్పకుండానే చెప్పాడు.

"చూస్తే ఆగాలి కదండి. ఆగితే మీకు ఎరుపు పడతాది. అందుకని చూడమండి."

"ఎప్పట్నుంచి?"

"మీరు కనపడొద్దన్న కాణ్ణుంచండి."

"రోజూ ఆయన అక్కడే ఉంటారా?"

"ఆయ్."

"మరి తోటలో పని?"

"కూలోళ్లు కూడా ఆయన వేళకే వస్తన్నారండి. అందరికీ తెలుసు."

"తర్వాత పడవకి వచ్చే మనిషి ఇంట్లోనే ఉండొచ్చు కదా. అక్కడ తడవడం ఎందుకు?"

చిట్టెమ్మ ఈసారి తిరిగి ఆమె వైపు చూసింది.

"ఇంట్లోంచి మీరు కనపడరు కదమ్మా."

వాన టార్పాలిన్ మీద పడుతోంది. తులసి ఫోన్ తీసి టైము చూసింది. ఇప్పుడు కదిలితే పచ్చ టిక్కు. ఫోన్ బ్యాగులో పెట్టేసింది.

"నూకయ్యగారూ, ఎవరో కనపడుతున్నారండి."

"ఎక్కడండి?" అన్నాడు నూకయ్య, అంతర్వేది వైపు చూస్తూ.

"డొక్కల గుట్ట వెనక."

"మాకేం కనపడ్డం లేదండి."

"నాకు కనపడ్డారు. కనపడితే ఆగాలి కదా?"

నూకయ్య గెడ మళ్లీ బురదలోకి దింపాడు. పడవ ఆగింది. గొడుగు మాత్రం ఇంకొంచెం కిందకి వంగింది. తులసి టార్పాలిన్ బయటికొచ్చి నిలబడింది.

"ప్రసాద్‌గారూ, కనపడ్డారు. రండి."

"వద్దండి," అని గుట్ట వెనక నుంచి వినిపించింది. "మీకు లేటవుద్ది."

"అయిపోయింది. రండి."

అతను వచ్చాడు. పరిగెత్తలేదు. గుడ్లున్నాయి. ఎక్కి, ట్రేలు దింపి, ఆమె ఎదురుగా కూర్చున్నాడు. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. నూకయ్య ఇంజన్ వేయకుండా గెడతోనే నెట్టాడు. తొందరేముందని అతనికి అనిపించినట్టుంది.

"కొత్తపేట పిల్ల బాగుందా?" అని అడిగింది తులసి.

"బాగుందండి. వాళ్లు అన్నీ టైముకి చేసేరు. టిఫిను కూడా."

"మరేం చెప్పారు?"

"అమ్మ రేపటిదాకా ఆగుతానంది. మనసులో ఎవరైనా ఉంటే చెప్పమంది."

"చెప్పారా?"

"చెబుదామనుకుంటున్నానండి."

"ఎప్పట్నుంచి?"

"బడులు తెరిచిన కాణ్ణుంచండి."

ఆమె చున్నీ చివర పిండింది. నీళ్లు అతని కాళ్ల మీద పడ్డాయి. అతను జరగలేదు.

"మూడు నెలలైంది," అంది.

"మిమ్మల్ని అడక్కుండా ఇంట్లో చెప్తే బాగోదు కదండి."

"అయితే నన్ను అడగండి."

అతను నోరు తెరిచాడు. పడవ లంక రేవుకి తగిలింది. బడి పిల్లలు గట్టు మీద వరసగా నిలబడి, టీచర్ వచ్చిందని అరుస్తున్నారు. తులసి బ్యాగు తీసుకుని దిగిపోయింది.

ఎర్ర టిక్కు పడింది. యాప్‌లో ఆమె ముఖం నవ్వుతూ పడింది. సాయంత్రం జ్వరమొచ్చిన పిల్లాణ్ణి వాళ్లమ్మకి అప్పగించి వచ్చేసరికి అతని పడవ వెళ్లిపోయింది. పడవ కదిలే వేళకి వాళ్లకి కనపడనందుకు తనని తనే తిట్టుకుంది.

మాటిచ్చే రోజు ఉదయం ఆమె రేవుకి వచ్చేసరికి ప్రసాద్ అప్పటికే పడవలో ఉన్నాడు, ఒళ్లో ట్రేలతో.

"ముందే వచ్చారే," అంది.

"ఎవరు పలకరించినా రేపు చెప్తానన్నానండి."

నూకయ్య గెడ ఎత్తాడు. ఆగాడు.

"ఎవరో కనపడుతున్నారండి."

గట్టు మీద ఒక మనిషి. నడక చూస్తే తొందర లేదు. గడ్డి కోస్తున్న ముసలాయన దగ్గర ఆగడం, ఏదో అడగడం, జవాబు పూర్తిగా వినడం అందరూ చూశారు.

"మా అమ్మండి," అన్నాడు ప్రసాద్.

తులసి ఫోన్ తీయలేదు.

సత్యనారాయణమ్మగారు పడవెక్కి, అందరినీ పేరుపేరునా పలకరించి, ఆ తర్వాత తులసి పక్కన చోటు చేసుకుని కూర్చున్నారు.

"మా వాడి కోసం పడవ ఆపింది నువ్వేనా అమ్మా?"

"ఆయ్," అంది తులసి. అన్నాక తను ఏమన్నదో తెలిసింది.

"నిన్న రాత్రి చెప్పేడు. అదీ సగమే. మిగతా సగం టీచరుగారు చెప్పాలన్నాడు. అడిగేవా అంటే అడుగుతానన్నాడు. వీడు అడిగేసరికి నువ్వు రిటైరైపోతావు. అందుకని నేనే వచ్చేను."

"మా ఇంట్లో కూడా అడగాలండి."

"అడుగుదాం. ముందు నీ మాట తెలియాలి కదా. కొత్తపేటవాళ్లకి మధ్యాహ్నంలోగా ఏదో ఒకటి చెప్పాలి. వాళ్లని ఎదురుచూడనిస్తే బాగోదు."

తులసి ప్రసాద్ వైపు చూసింది. అతను గుడ్లు లెక్కపెడుతున్నట్టు కూర్చున్నాడు.

"నన్ను అడగాల్సినవాళ్లు అడిగితే చెప్తానండి."

"విన్నావురా?"

"ఆయ్."

"నరసరావుపేట వెళ్లాలంటే బస్సేనా?" అన్నారు సత్యనారాయణమ్మగారు. "అక్కడ బస్సులు ఆగవంట కదా. చెయ్యి తలుపు మీదుండగానే కదిలిపోతాయని మావాడు చెప్పేడు. ముందే నిలబడతాంలే."

నూకయ్య గెడతో నెట్టాడు. పడవ రేవు వదిలింది. ప్రసాద్ ట్రేలు ఒళ్లోంచి దింపి, జాగ్రత్తగా పక్కన పెట్టాడు.

"తులసిగారూ," అన్నాడు.

అది విని నూకయ్య దిగువకి తిరిగాడు. వెనకాల కూర్చున్నవాళ్లు తిరిగారు. పడవంతా అంతర్వేది వైపు చూస్తోంది. అలవాటు కొద్దీ కొందరు చేతులు కూడా జోడించారు.

సత్యనారాయణమ్మగారు ఒక్కరే ఇటు చూస్తూ ఉన్నారు. చిట్టెమ్మ ఆవిడ మోచెయ్యి తట్టింది.

"అమ్మగారూ, అటు చూడండి."

"ఏముందే అటు?"

"ఏం లేదండి. చూడండి."