పది గంటల నీళ్ళు

"ఇవాళ నువ్వు ఫ్యాన్ మెకానిక్‌వి," అన్నాడు చీఫ్ ఫోన్లో. "వాటర్‌వర్క్స్‌కి వెళ్ళు. విదేశీ ముఠా ఒకటి అక్కడి కంప్యూటర్లలోకి దూరింది. పది గంటలకి ఊరికి నీళ్ళు వదిలేలోపు క్లోరిన్ పెంచేసి విషం చెయ్యాలని వాళ్ళ ప్లాన్. మన ఎక్స్‌పర్ట్ అక్కడే ఉంది. నువ్వు 'వాన వచ్చేలా ఉంది' అను. 'గొడుగు మర్చిపోయాను' అంటుంది."

తొమ్మిదీ ఇరవై. పది గంటల నీళ్ళంటే ఏజెంట్ ఇంటి నీళ్ళు కూడా. జ్వరంతో పడుకున్న కూతురికి వాళ్ళావిడ పట్టే మొదటి గ్లాసు ఆ కుళాయిదే. ఇంటికి ఫోన్ చేసి చెబితే రహస్యం బయటపడుతుంది. చెప్పకపోతే? వెధవ ఉద్యోగం అని తిట్టుకుంటూ స్టూలు భుజాన వేసుకుని బయల్దేరాడు.

కంట్రోల్ రూంలో ఎక్స్‌పర్ట్ కోడ్ సరిగ్గానే చెప్పింది. బూడిదరంగు సూటు, ఎర్ర లిప్‌స్టిక్, గదంతా సెంటు. నవ్వితే ఎవడైనా అడక్కుండానే పాస్‌వర్డ్ చెప్పేస్తాడు. మనవాడు కూడా ఓ క్షణం తడబడ్డాడు, దాచడం దేనికి!

"వైరస్ తీసేశాను. చూడండి, అంతా నార్మల్."

స్క్రీన్ మీద అన్నీ పచ్చటి అంకెలు. వాచీలోని స్కానర్ కూడా ఓకే అంది. అయినా అతనికి కాలు నిలవడం లేదు.

మూలన డ్యూటీ ఆపరేటర్, అందరూ అక్కయ్యా అని పిలిచే ఆవిడ, గాజు గొట్టంలో నీళ్ళు పట్టి రెండు చుక్కలు మందు వేస్తోంది.

"అదేంటక్కయ్యా?"

"గంటకోసారి చేసే క్లోరిన్ టెస్టే బాబూ. మామూలుగా వాసనకే పట్టేస్తా. ఈవిడ సెంటుకి నా ముక్కు పనిచెయ్యట్లేదు."

లేత పసుపు రావాల్సిన నీళ్ళు క్లోరిన్ మితిమీరినట్టు ఎర్రబడ్డాయి.

"మందు పాతదేమో," అంది ఎక్స్‌పర్ట్.

అక్కయ్య గొట్టం బల్లమీద పెట్టేసింది. "మందు నిన్న తెచ్చిందే. తప్పు నాది బాబూ. ప్రమోషన్ లిస్టని మెయిలొస్తే లింకు నొక్కి పాస్‌వర్డ్ కొట్టేశాను. ఉద్యోగం పోతుందని భయమేసి మేడమ్‌కొక్కదానికే చెప్పాను. ఎవరితో అనకు, నేను చూసుకుంటానంది."

ఏజెంట్ గిర్రున తిరిగాడు. మేడమ్ చేతిలో బుల్లి పిస్తోలు.

"నాలుగు నిమిషాలు కదలకండి, చాలు," అంది.

ఆ మాట పూర్తికాకుండానే స్టూలు ఎగిరి ఆమె మణికట్టుకి తగిలింది. పిస్తోలు బల్లకిందికి పోయింది. వైరు చుట్టే టేపుతో ఆమెని కుర్చీకి కట్టేశాడు. కీబోర్డు ఎంత కొట్టినా కంప్యూటర్ మాట వినలేదు. పాస్‌వర్డ్ ఎప్పుడో మార్చేశారు.

"దాన్ని వదిలెయ్! మెయిన్ పైపుకి చేతి వాల్వుంది, రా!" అని అక్కయ్య పరుగు తీసింది.

ఇనుప చక్రం తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఇద్దరూ వేలాడారు. ఒక చుట్టు. రెండు. అరచేతులు చీరుకుపోయాయి. అవతల కంప్యూటర్ నడిపే నీళ్ళ గేటు తెరుచుకుంటున్న చప్పుడు.

"ఇంకొక్కటి బాబూ!"

చక్రం ఆగింది. పది అయింది. ఊళ్ళోకి ఒక్క చుక్క కూడా పోలేదు. ఏజెంట్ నేలమీద కూలబడి ఏడ్చేశాడు. ఏజెంటైతే మాత్రం తండ్రి కాదూ?

"నా సంగతేంటి బాబూ?" అంది అక్కయ్య.

"లింకు సంగతి రాయక తప్పదు. ఊరిని కాపాడింది మీరేనని దానికంటే ముందు రాస్తాను."

ఫోన్ మోగింది. వాళ్ళావిడ.

"ఏవండీ, పది దాటింది, కుళాయిలో చుక్క లేదు! ఆ వాటర్‌వర్క్స్ వాళ్ళకి బొత్తిగా బాధ్యత లేదు!"

"నిజమేనోయ్, బొత్తిగా లేదు," అన్నాడు ఏజెంట్, చేతులకంటిన తుప్పు తుడుచుకుంటూ.