తెర మీద వాన

"ఓ యమ్మా! ఎంత పని చేస్తివి!"

చౌడేశ్వరి వేలు స్విచ్ మీదే ఆగిపోయింది. కంప్యూటర్ అప్పటికే మూగబోయింది.

వెనక టీ గ్లాసు పట్టుకుని ఒక బక్కపల్చటి అబ్బాయి నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"స్క్రీన్ నల్లగా ఉండాది. ఎవురో ఆఫ్ చేయకుండా పోయినారనుకుంటి," అంది.

"మానిటర్ ఒకటే ఆపినా. లోపల రెండరింగ్ అవుతాండాది! నిన్నట్నుంచి ఒక్కో బొమ్మా తయారు చేసుకుంటా వస్తాండాది పాపం. వాన సీను. అంతా పాయె."

"మన జిల్లాలో వాన మధ్యలో నిలిచిపోయేది కొత్తా ఏమప్పా?"

అనేసింది గానీ, మరుక్షణమే ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పొద్దున్నుంచి క్లాసులు, మధ్యాహ్నం ల్యాబు, ఆ తర్వాత బస్సులో నిలబడి ప్రయాణం. తప్పు చేశానన్న బాధ కంటే అలసటే ఎక్కువ.

అబ్బాయి కంగారు పడిపోయాడు. "ఏయ్, ఏడ్వద్దు. వాన మళ్లా కురిపిస్తాలే. ఈ టీ తాగు. నేనింకా ఎంగిలి చేయలా."

అతని పేరు తిప్పేష్. బత్తలపల్లె నుంచి రోజూ వచ్చి అనంతపురంలో బీఎస్సీ కంప్యూటర్స్ చదువుతున్నాడు. చౌడేశ్వరిది కళ్యాణదుర్గం పక్కన పల్లె. హాస్టల్లో ఉండి బీటెక్ మూడో సంవత్సరం చదువుతోంది. రెండువేల ఆరులో, ఊళ్లో కొత్తగా పెట్టిన ఆ యానిమేషన్ సెంటర్‌కు ఇద్దరూ సాయంత్రాలు వచ్చేవాళ్లు.

సెంటర్ నడిపే నారాయణ సార్ ఇద్దరినీ ఒక ప్రాజెక్టులో కలిపాడు. ఎరుపు, నీలం అద్దాల జోడు పెట్టుకుని చూస్తే నిజంగా ఒక పల్లెలో తిరుగుతున్నట్టు అనిపించాలి. వర్చువల్ రియాలిటీ అంటే అదేనన్నాడు. వీధులు, వెలుతురు, వాన తిప్పేష్ పని. మనుషులు చౌడేశ్వరి పని.

ఒకరోజు ఆమె తెర మీద గడ్డిమోపు మోస్తున్న ఆడమనిషిని నడిపిస్తుంటే అతను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"మీయమ్మా?"

"నీకెట్ల తెలుసు?"

"కుడికాలు కొంచెం ఈడుస్తాండాది. ప్రేమగా చూసినోళ్లకే అట్ల చేసేది వస్తాది."

చౌడేశ్వరి తల తిప్పలేదు. మౌస్ మాత్రం కాసేపు ఎటు పోతోందో తెలియలేదు.

అయితే చదువు ఊరుకుంటుందా? మిడ్ పరీక్షలో కంట్రోల్ సిస్టమ్స్ పేపర్ మీదే నిద్రపోయింది. మార్కులు చూసి లెక్చరర్ పేపరు బోర్లా తిప్పి ఆమె ముందు పెట్టాడు. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు. ఇంటికి ఫోన్ చేస్తే నాయన, "శనక్కాయ ఎండిపోతాండాది పాపా. నువ్వన్నా బాగా చదువు," అన్నాడు.

ఆ సాయంత్రం కీబోర్డు మీద తల వాల్చి కూర్చున్న ఆమెను తిప్పేష్ చాలాసేపు చూశాడు.

"చౌడీ, రేపట్నుంచి నువ్వు రావద్దు. నేను చేసుకుంటాలే."

అంటే, తను పనికిరాదన్నమాట! ఆమె బ్యాగు తీసుకుని మెట్లు దిగింది.

తర్వాత రోజుల్లో పుస్తకం వదల్లేదు. నిద్ర దొరికింది, మార్కులూ కాస్త మెరుగుపడ్డాయి. అయినా ఒళ్లు తేలిక కాలేదు. క్యాంటీన్‌లో, కారిడార్లో ఎవరు నడిచినా ఏ కాలు ముందు పడుతోందో చూసేది. చూసి విసుక్కునేది.

ఒక మధ్యాహ్నం ఎండ మండిపోతుంటే కాలేజీ గేటు దగ్గర తిప్పేష్ కనిపించాడు. ఇంకా చిక్కిపోయాడు.

"ఏమప్పా, ఈడికెందుకు వచ్చినావు? పనికిరానిదాన్ని కదా."

"ఎవురన్నారు?"

"నువ్వే. రావద్దన్నావు."

"పరీక్షలయ్యేదాకా రావద్దన్నా! నీ మొగం చూడలేకపోయినా ఆ పొద్దు."

"ఆ సగం మాట మింగేస్తే నాకెట్ల తెలుస్తాది?"

అతను నీడకు జరిగి గోడకు ఆనుకున్నాడు. "వీధులైనాయి. వాన కూడా పడతాండాది. నడిచే మనుషులే లేరు చౌడీ. నేను నడిపిస్తే కట్టెల మాదిరి పోతాండారు. ఆ అద్దాలు పెట్టుకుని నేనొక్కణ్ణే తిరుగుతాండా."

చౌడేశ్వరికి జాలేసింది. అయినా వెంటనే కరిగిపోలేదు.

"రోజూ రాలేను. ఆదివారాలు వస్తా. మిగతా పొద్దులు చదువుకుంటా, నిద్రపోతా. సరేనా?"

"సరే." అతను కదల్లేదు.

"మళ్లా ఏమి?"

"ఇంకో మాట ఉండాది. బస్సులో వస్తా శానా మంచి మాటలు అనుకున్నా. సీటు దొరికినాది. నిద్ర పట్టేసినాది. లేచేసరికి అన్నీ మర్చిపోయినా."

ఎన్నాళ్ల తర్వాతో ఆమెకు నవ్వొచ్చింది. గోడకు తనూ ఆనుకుంది. "ఒక్కటన్నా గుర్తుండాదా?"

"ఒక్కటుండాది."

"చెప్పు మరి."

"నువ్వంటే నాకు ఇష్టం."

లోపల ల్యాబు బెల్లు మోగింది. చౌడేశ్వరి వెంటనే లోపలికి పోలేదు. అతని భుజానికి భుజం ఆనించి ఒక్క నిమిషం కళ్లు మూసుకుంది.

"నాక్కూడా," అంది కళ్లు తెరవకుండానే. "మిగతావి నిదానంగా గుర్తు చేసుకో. నేను యాడికీ పోను."